మంచి దొంగను వేడుకున్న గురువు

సిలువపై ప్రభువు పలికిన ఏడు మాటలలో రెండవది ఒక దొంగతో పలికినది. లూకా సువార్త 23వ అధ్యాయంలో, పక్క సిలువ మీద వేలాడుతున్న ఆ మనిషి తనను జ్ఞాపకం ఉంచుకొమ్మని మాత్రమే అడిగాడు. ఆ దినమే తనతో కూడ పరదైసులో (పరలోకంలో) ఉంటావని ప్రభువు మాట ఇచ్చాడు. సంప్రదాయం అతణ్ణి పునీత దీమాస్ అంటుంది. ఈ వాక్యం చదివినప్పుడల్లా నాకు కథోలిక గురువు (మతాచార్యుడు) ఫాదర్ ఎమిల్ కపౌన్ గుర్తుకు వస్తారు.

అమెరికాలోని కాన్సాస్‌లో, పిల్సెన్ అనే పల్లెలో 1916లో రైతు ఇంట పుట్టిన ఆయన, 1940లో గురుపట్టం పొంది, కొరియా యుద్ధంలో అమెరికా సైన్యంలోని 8వ కావల్రీ రెజిమెంటుకు చాప్లైన్‌గా, అంటే సైనికుల గురువుగా, వెళ్లారు. 1950 నవంబరు మొదట్లో ఉత్తర కొరియాలోని ఉన్సాన్ వద్ద చైనా సేనలు చుట్టుముట్టినప్పుడు, గాయపడినవారిని వదలి రాలేక ఉండిపోయి బందీ అయ్యారు. చీలమండ విరిగి పడి ఉన్న సార్జెంట్ హెర్బర్ట్ మిల్లర్ మీదికి ఒక శత్రు సైనికుడు తుపాకి ఎత్తగా, ఫాదర్ నేరుగా వెళ్లి ఆ తుపాకిని పక్కకు తోసి, మిల్లర్‌ను మోసుకుని నడిచారు.

యాలు నది ఒడ్డున ప్యోక్టాంగ్ శిబిరంలో ఖైదీలు ఆకలితో, విరేచనాలతో, చలితో రాలిపోతున్న ఆ శీతకాలంలో, ఫాదర్ రాత్రివేళ బయటికి జారుకొని ధాన్యం దొంగిలించి తెచ్చేవారు. బయలుదేరే ముందు దీమాస్‌ను ప్రార్థించేవారు. ప్రాణం నిలుపుకోవడానికి మరో దారి లేనివాడు తీసుకునే తిండి దొంగతనం కాదని కథోలిక శ్రీసభ బోధనలోనే ఉంది. ఆ మాట ఆయనకు తెలియక కాదు. అయినా తన పనికి ధర్మసూక్ష్మం వెతకకుండా, దొంగల వరుసలో తానూ ఒకడిగా నిలబడి వేడుకోవడంలోనే ఆయన వినయం నాకు కనిపిస్తుంది. రేకు ముక్కలను గిన్నెలుగా వంచి నీళ్లు కాచారు. లేవలేని రోగుల మలినమైన బట్టలు తన చేతులతో ఉతికారు.

1951 మార్చి 25, ఈస్టరు ఆదివారం. మతాచారాలపై నిషేధం ఉన్నా, తెల్లవారుతుండగా, కాలిపోయిన ఒక గుడి ఆవరణలో ఆయన ప్రార్థన నడిపించారు. అంతకు కొద్ది నెలల ముందు జీపు బానెట్‌నే పీఠంగా చేసుకొని దివ్యబలిపూజ అర్పించిన గురువుకు, ఆ రోజు పూజ సామగ్రి దాదాపు ఏదీ లేదు. మెడలో ఊదారంగు స్టోలా (గురువులు పూజలో ధరించే పొడవాటి పట్టీ), ఖాళీ సత్ప్రసాద పాత్ర, అరువు తెచ్చుకున్న పూజా గ్రంథం, రెండు కర్రలు కలిపి కట్టిన సిలువ: ఆయనకు మిగిలినవి అవే. దాదాపు రెండు నెలలకు, మే 23న, రోగులను చనిపోవడానికి వదిలేసే గదిలో ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 35.

ఆయన పోయిన తరువాత ఆ శిబిరానికి వచ్చిన జెరాల్డ్ ఫింక్ అనే యూదు సైనికాధికారి, తాను ఏనాడూ చూడని ఆ గురువు గురించి తోటి ఖైదీల నోట విని, వంటచెరకు నుండి సిలువపై క్రీస్తు ప్రతిమను చెక్కాడు. ముళ్ల కిరీటానికి ముళ్లు దొరకక రేడియో తీగను అల్లి పెట్టాడు. విడుదలైన రోజున ఖైదీలు దానిని మోసుకుంటూ బయటికి వచ్చారు.