ఐసీయూలో నేను పెట్టిన సంతకం

నాన్న పోయి నెలలు గడిచినా రాత్రిపూట ఫోన్ మోగితే నా చేతులు వణికేవి. ఐసీయూ బయట కుర్చీల్లో పడుకున్న రోజుల్లో మైకులో ‘ఏడో బెడ్ అటెండర్’ అని పిలిస్తే పరుగెత్తేదాన్ని. ఇంట్లో మైక్రోవేవ్ బీప్ అన్నా మానిటరే గుర్తొచ్చేది.

వీటన్నిటికంటే ఎక్కువగా నన్ను తినేసింది సంతకం. ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే సెప్సిస్‌తో నాన్న కిడ్నీలు ఆగిపోయాయి. గుండె ఆగితే సీపీఆర్, అంటే ఛాతీ నొక్కి గుండెని మళ్లీ కొట్టించే ప్రయత్నం, చేయకూడదన్న కాగితం మీద సంతకం అడిగారు. అమ్మ మాట్లాడే స్థితిలో లేదు, అన్నయ్య డల్లాస్‌లో ఉన్నాడు. నేనే పెట్టాను. పెద్దకర్మ రోజు మేనత్త “ఇంకో రెండ్రోజులు చూడాల్సిందే తల్లీ” అంది. తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి, ఆవిడ బాధ ఆవిడది. కానీ ఆ మాటతో నాకు నిద్ర కరువైంది.

మా ఆయనే సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లారు. జరిగిందంతా మొదటి నుంచి చెప్పించుకున్నారావిడ. 2005లో ఫ్రాన్స్ ఐసీయూల్లో చేసిన ఒక అధ్యయనం గురించి చెప్పారు. మూడు నెలల తర్వాత చూస్తే బంధువుల్లో మూడోవంతు మందిలో ఇలాంటి ట్రామా లక్షణాలు ఉన్నాయట. చివరి నిర్ణయాల్లో పాలుపంచుకున్నవాళ్లలోనైతే 80 శాతం పైనే. నాకొక్కదానికే ఇలా అవుతోందనుకున్నాను, అందుకే ఆ అంకె విని ఏడ్చేశాను.

ఆవిడే ఫైలు పట్టుకుని ఐసీయూ డాక్టర్‌ని కలవమన్నారు. ఆ మెట్లెక్కడానికి చాలా టెన్షన్ పడ్డాను. రెండే అడిగాను: నాన్నకి నొప్పి తెలిసిందా? సీపీఆర్ చేసుంటే బతికేవారా? మత్తుమందు, నొప్పి మందు ఆగకుండా ఇచ్చామని ఛార్టులో చూపించారు. డోసు పెంచుతున్నా బీపీ నిలవలేదని, గుండెని కాసేపు కొట్టించినా లోపలి జబ్బు అలాగే ఉండేదని విడమరిచి చెప్పారు. “అది వైద్యంగా మా నిర్ణయం. మీ ఒక్కరి మీదే వేసుకోకండి” అన్నారు. ఆ రాత్రి నిద్రపట్టింది. అన్నీ ఒక్కసారే పోలేదు, చాలాకాలం థెరపీకి వెళ్లాను.

ఇలా కూర్చోబెట్టి మాట్లాడడం ప్రతి ఆసుపత్రీ తనంతట తానే చేయాలి. ఫ్రాన్స్‌లోనే ఐసీయూ నుంచి కుటుంబాలకి సంతాప లేఖ పంపి చూస్తే దుఃఖం తగ్గలేదు. మరణానికి ముందు, ఆ సమయంలో, తర్వాత డాక్టరూ నర్సూ కుటుంబాన్ని కలిస్తే మాత్రం ఆరు నెలలకి తేడా కనిపించిందని 2022లో తేలింది.

అమ్మ ఏ డాక్టర్ దగ్గరికీ రానంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం కట్టక్కర్లేదు అని చెప్పాను. మొదటిసారి నేను కలిపిచ్చాను. ఇప్పుడు తలుపు దగ్గరకేసుకుని తనే చేసుకుంటుంది.