మా స్థలం పాత రైతు సమాధి ఎలా దొరికిందంటే

మేం అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ కౌంటీలో ఇల్లు కొనుక్కున్నాం. మన దగ్గర స్థలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు చూసుకుంటాం కదా, ఇక్కడా అలాగే చూడటం మొదలుపెట్టాను. కొనుగోలుకి అంత వెనక్కి వెళ్లక్కర్లేదు గానీ, వూస్టర్ రిజిస్ట్రీలో 1731 నుంచి దస్తావేజులున్నాయని తెలిశాక ఆగలేకపోయాను. 1780ల నాటి ఒక పత్రంలో ఈ నేల ఒక రైతు పేరు మీదికి వచ్చింది. హద్దులు రాళ్లకుప్ప దగ్గర మొదలై తెల్ల ఓక్ చెట్టు దాకా. కొలతలు రాడ్లలో, అంటే పదహారున్నర అడుగుల లెక్కన. ఊరి చరిత్రలో ఆయన పేరు పక్కన ‘మిలీషియా’ అని మాత్రం ఉంది, అంటే పిలిచినప్పుడు తుపాకి పట్టుకుని వెళ్లే ఊరివాళ్ల దళం. ఎక్కడ పూడ్చిపెట్టారో ఎవరూ చెప్పలేకపోయారు. ఆయన వారసులు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి పేరు రాయడం లేదు. నాకు ఆ కుటుంబంతో చుట్టరికం లేదు. ఆయన దున్నిన నేల మీద మా పిల్లలు ఆడుకుంటున్నారు, అంతే.

1775 ఏప్రిల్ 19న బోస్టన్ దగ్గరి లెక్సింగ్టన్‌లో బ్రిటిష్ సైన్యంతో కాల్పులు మొదలవగానే చుట్టుపక్కల ఊళ్లనుంచి బయల్దేరిన వాళ్లలో చాలామంది ఇలాంటి రైతులే. మసాచుసెట్స్ ప్రభుత్వం ఆ అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పనిచేసిన వాళ్ల జాబితాను 1896 నుంచి 1908 మధ్య 17 సంపుటాలుగా అచ్చువేసింది. అందులో ఈ పేరుతో ముగ్గురు కనిపించారు. ఇక్కడా మనలాగే తాత పేరు మనవడికి పెట్టేవారు. పైగా ఆ రోజుల్లో పేరు చివర ‘జూనియర్’ అని ఉంటే కొడుకనే అనుకోకూడదు. ఊళ్లో అదే పేరున్న ఇద్దరిలో చిన్నవాడిని కూడా అలాగే రాసేవారు. సైన్యం కాగితాలు చూద్దామంటే, 1800 నవంబరులో యుద్ధ శాఖ కార్యాలయం తగలబడి చాలా రికార్డులు పోయాయి.

ముగ్గురిలో మనవాడెవరో తేల్చింది పింఛను ఫైలు. యుద్ధంలో గాయపడ్డ వాళ్లని మినహాయిస్తే, మొదట్లో పింఛను రెగ్యులర్ సైన్యానికే. మిలీషియాలో విడతలవారీగా పనిచేసిన వాళ్లకి 1832 జూన్ 7 నాటి చట్టంతో గానీ దారి దొరకలేదు. అన్నీ కలిపి కనీసం ఆరు నెలల సేవ ఉండాలి. అప్పటికి వాళ్లంతా ముసలివాళ్లు. కోర్టుకి వెళ్లి ప్రమాణం చేసి నోటితో చెప్పాలి: ఎప్పుడు పుట్టావు, వయసుకి రుజువేంటి, పిలిస్తే వెళ్లావా, స్వచ్ఛందంగానా, ఇంకొకరి బదులా, నీ మాట నిజమని చెప్పే ఇరుగుపొరుగు ఎవరు? ఆ ఫైళ్లన్నీ నేషనల్ ఆర్కైవ్స్‌లో, అంటే కేంద్ర ప్రభుత్వ పాత రికార్డుల భాండాగారంలో ఉన్నాయి, స్కాన్లు ఆన్‌లైన్‌లో చూడొచ్చు.

ఆయన వాంగ్మూలం చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. గుమాస్తా చేతిరాతలో ఉన్నా మాట మాత్రం ఆయనదే. మొదటి కబురుకే బయల్దేరాడు. 1776లో బోస్టన్ ముట్టడికి, 1777లో న్యూయార్క్ రాష్ట్రంలోని సారటోగా యుద్ధం వైపు, మరుసటేడు రోడ్ ఐలండ్‌కి వెళ్లాడు. ప్రతిసారీ కొన్ని వారాలే, మళ్లీ పొలానికి. తేదీలు గుర్తులేవు గానీ, గడ్డి కోతలు అయ్యాక వెళ్లానని, విత్తనాల వేళకి తిరిగొచ్చానని చెప్పాడు. ఆ తర్వాత ఎక్కడ బతికావంటే మా ఊరి పేరే చెప్పాడు. సాక్షిగా నిలబడిన పొరుగువాడి పేరు, మా దస్తావేజులో తూర్పు హద్దు యజమాని పేరు ఒకటే! ఇక అనుమానం లేదు. పింఛను ఏడాదికి ఇరవై డాలర్ల పైచిలుకు వచ్చింది.

నా అభిప్రాయం ఒకటే. మిలీషియా మనిషిని సైనికుడిగా వెతికితే ఆరు నెలల జీవితమే దొరుకుతుంది. రైతుగా వెతకండి. యుద్ధం అయ్యాక అప్పులు, పన్నులు ఈ ప్రాంతపు రైతుల్ని ఎంత పీడించాయంటే, 1786 సెప్టెంబరులో వాళ్లు వూస్టర్ కోర్టునే నడవకుండా ఆపేశారు. షేస్ తిరుగుబాటు అంటారు దాన్ని. ఈయన అందులో ఉన్నాడనడానికి కాగితం లేదు. కానీ ఆ ఏడాదే కొంత భూమి తనఖా పెట్టాడు, తర్వాత విడిపించుకున్నాడు. చనిపోయాక వేసిన ఆస్తి జాబితాలో ఎద్దుల జత, ఆపిల్ సైడర్ పీపాలు, చర్చిలో కూర్చునే చోటు, ఒక పాత తుపాకి ఉన్నాయి. భార్యకి మూడో వంతు రాస్తూ ఏ గది ఆమెదో, ఏ మెట్ల మీదుగా నడిచే హక్కుందో కూడా పేర్కొన్నారు.

ఇక సమాధి. ఇక్కడ 1850 వరకు జనన మరణాల లెక్కల్ని ఊరూరికీ పుస్తకాలుగా వేశారు. మరణం పక్కన ‘జి.ఆర్.’ అని ఉంటే ఆ వివరం సమాధి రాయి మీదనుంచి తీసుకున్నదని అర్థం. ఆయన పేరు పక్కన అది ఉంది. అంటే పుస్తకం వేసేనాటికి రాయి నిలబడే ఉంది! పాత పలకరాయి సమాధులు ఇప్పటికీ నిక్షేపంగా ఉంటాయి గానీ, 1830ల తర్వాతి పాలరాయి వానలకి కరిగిపోతుంది. ఊరి శ్మశానాల కమిటీ అనుమతి తీసుకుని, భార్య రాయి పక్కన వాళ్ల మనిషి సన్నటి చువ్వతో నేలని తడిమాడు. పచ్చిక కింద పడి ఉంది. గీకకూడదు, సుద్ద రాయకూడదు. నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. అద్దంతో ఎండని పక్కనుంచి పడేలా తిప్పితే అక్షరాలు తేలాయి.

మసాచుసెట్స్‌లో ప్రతి ఊరికీ సైనికుల సమాధులు చూసుకునే అధికారి ఉంటారు. పింఛను ఫైలు నకళ్లు ఇస్తే మా రైతు పేరు రిజిస్టరులో ఎక్కించారు. అసలు రాయే లేని పక్షంలో కేంద్ర ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. ఇంత పాతకాలపు సైనికుల విషయంలో బంధువులే అడగాలన్న నియమం లేదు, ఎవరైనా దరఖాస్తు పెట్టొచ్చు.

మా రైతు వాంగ్మూలంలో తనతోపాటు సారటోగాకి నడిచిన ఒక పొరుగింటి కుర్రాడి పేరుంది. అతను 1832కి చాలా ముందే పోయాడు కాబట్టి పింఛను ఫైలు లేదు. ఇప్పుడు అతని దస్తావేజులు తిరగేస్తున్నాను.