సమాధుల పండుగకి ముందు ఒక మాట

చనిపోయిన మన వాళ్లని తలచుకునే సమాధుల పండుగ, నవంబరు 2, దగ్గరపడితే మనలో మొదలయ్యే హడావుడి చూసి నాకు మనసు చివుక్కుమంటుంది. సున్నాలు, రంగులు, బంతిపూల దండలు, ఎవరు గ్రానైట్ వేయించారు, ఎవరిది పగిలిపోయింది అన్న లెక్కలు. పక్కనే ఏ రాయీ లేని మట్టి దిబ్బ మీద చెప్పులు విడిచి, మన వాళ్ల సమాధి దగ్గర మోకరిస్తాం. ఆ దిబ్బ కింద ఉన్న మనిషి కూడా పునరుత్థానం కోసమే ఎదురుచూస్తున్నాడు కదా!

అమెరికాలో న్యూ ఆర్లీన్స్ నగరం, ట్రెమే పేటలో సెయింట్ అగస్టీన్ కతోలిక చర్చి ఉంది. దాని పక్క తోటలో ఓడలకు వాడే లావుపాటి ఇనుప గొలుసుతో చేసిన పెద్ద సిలువ ఒరిగి ఉంటుంది, దానికి సంకెళ్లు వేలాడుతుంటాయి. పేరు తెలియని బానిస సమాధి అంటారు దాన్ని. ఆ పేటలో అకాలంగా చనిపోయి, ఏ గుర్తూ లేకుండా మట్టిలో కలిసిపోయిన ఆఫ్రికా వాళ్లందరి కోసం 2004 అక్టోబరు 30న ప్రతిష్ఠించారు, అంటే మన పండుగకి మూడు రోజుల ముందు. 1842లో ఆ గుడి మొదలైనప్పుడు కూర్చునే బల్లలకి డబ్బు కట్టాలి. బానిసలు కాని నల్లజాతి విశ్వాసులు తమ కుటుంబాలకి కొనుక్కోవడమే కాక, రెండు పక్కలా ఉన్న వరుసలు కూడా కొని బానిసలకి ఇచ్చేశారు. ఇది చదివినప్పుడు నాకు కన్నీళ్లు ఆగలేదు.

ఆ దేశంలో 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసల పట్టీలు వేరుగా ఉండేవి. యజమాని పేరు రాసి, దాని కింద వయసు, ఆడా మగా, రంగు రాసేవాళ్లు, బానిస పేరు మాత్రం దాదాపు ఎక్కడా రాయలేదు. ఇప్పుడు యెషయా 43:1 చదవండి. "భయపడకుము, పేరుపెట్టి నిన్ను పిలిచియున్నాను." దేవుని లెక్క ఎప్పుడూ ఇలా తిరగబడే ఉంటుంది. నిర్గమకాండం మొదట్లో అంత గొప్ప ఐగుప్తు రాజుని ఫరో అనే బిరుదుతోనే అన్నారు, సొంత పేరు లేదు, బానిస జనంలోని మంత్రసానులు షిఫ్రా, పూయాల పేర్లు ఉన్నాయి. యేసు చెప్పిన కథలో ధనవంతుడి పేరు మనకి తెలియదు, వాకిట్లో పడి ఉన్న లాజరు పేరు పిల్లలకి కూడా తెలుసు. ఆ బానిసని అమ్ముడుపోకముందు తల్లి ఏమని పిలిచిందో, యజమాని మార్చేసిన ఆ మొదటి పేరు దేవునికి తెలుసు, మృతులు లేచే కడబూర మోగిన రోజు ఆ పేరుతోనే పిలుస్తాడని నేను నమ్ముతున్నాను.

మా నాయనమ్మ మన వాళ్ల సమాధులన్నీ అయ్యాక ఇంకో కట్ట కొవ్వొత్తులు తీసుకుని మట్టి దిబ్బలన్నిటి దగ్గరా వెలిగించేది. ఎవరే వీళ్లు అని అడిగితే, "ప్రభువుకి తెలుసులేరా" అనేది. అంతకన్నా మంచి ప్రసంగం నేను వినలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. నల్లవాళ్లని తన సమాధుల తోటలో పెట్టకూడదని న్యూయార్క్‌లోని ట్రినిటీ చర్చి 1697లో తీర్మానించింది. వాళ్లు తమ వాళ్లని ఊరి బయట పూడ్చుకున్నారు, తర్వాత ఆ నేల మీద మేడలు లేచాయి, 1991లో ప్రభుత్వ భవనం కోసం తవ్వుతుంటే ఎముకలు బయటపడ్డాయి. 419 మందిని 2003లో మళ్లీ గౌరవంగా భూస్థాపన చేశారు. ప్రార్థనలు చేసే సంఘమే ఆ తీర్మానం చేసిందని మర్చిపోకండి ప్రియులారా. మన దేశంలోనూ కులాన్ని బట్టి సమాధుల స్థలం విడగొట్టిన సంఘాలు ఉన్నాయి, రాతలో లేకపోయినా ఏ మూల ఎవరిదో అందరికీ తెలుసు. కాపరులూ, సంఘ పెద్దలూ, మీ దగ్గర అలాంటి కట్టుబాటు ఉంటే నవంబరు 2 లోపే కమిటీ పిలిచి తీసేయండి, ఆ తర్వాతే సమాధుల మీద పూలు పెట్టండి.