వీపు డొల్లగా ఉంటే పాడైనట్టు కాదు: నా మొదటి కండిషన్ రిపోర్ట్

ఈరోజు మధ్యాహ్నం నా రిపోర్ట్ మీద సంతకం పడింది. మూడు వారాల టెన్షన్ తీరింది.

దక్షిణ జర్మనీలో ఒక చిన్న మ్యూజియంలో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. బాలయేసును ఎత్తుకున్న మరియమ్మ విగ్రహం, లిండెన్ అనే చెట్టు చెక్క, 1490 ప్రాంతపుది. వేరే ఊరిలో ప్రదర్శనకు వెళ్లే ముందు దాని స్థితి నేను రాయాలి. కొలతలు, ఫొటోలు ఒక్క పూటలో అయిపోయాయి.

వీపు దగ్గరే దెబ్బతిన్నాను. వెనక భుజాల నుంచి కింది దాకా డొల్ల. "పురుగు తినేసింది, భారీ నష్టం" అని రాశాను. నడినెత్తిన బొటనవేలంత బెజ్జం, అందులో చెక్క బిరడా. "తర్వాతి కాలంలో జరిగిన డ్యామేజ్" అని రాశాను. ఇక్కడ నా పని చూసే మేడమ్ అది నలుగురి ముందు పైకి చదివి, "లోపల చెయ్యి పెట్టి చూడు" అన్నారు. వేళ్లకు ఉలి గాట్లు వరసగా తగిలాయి. పూర్తిగా ఆరని దుంగ ఆరేకొద్దీ పగులుతుందని శిల్పే వెనక నుంచి చేవ, అంటే దుంగ నడిమి చెక్క, తీసేస్తాడట. దుంగను బల్ల మీద పడుకోబెట్టి చెక్కేటప్పుడు కదలకుండా తలలో ఇనుప మొన దించుతారు, ఆ గుర్తే నెత్తిన బెజ్జం. "ఎలా చేశారో తెలియని వాళ్లు ఏం పాడైందో ఎలా చెబుతారు?" అని అందరి ముందే అడిగారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. మా తాతయ్య కొండపల్లిలో బొమ్మలు చేసేవారు. తెల్లపొణికి చెక్కను సన్నని సెగ మీద ఆరబెట్టాకే రంగు దాకా వెళ్లేవారు. చెక్క ఆరడం అంటే ఏమిటో చూస్తూ పెరిగిన నేను ఆ ప్రశ్న వేసుకోలేదు.

మా కాలేజీ మీద కోపం మాత్రం తగ్గలేదు. రెండేళ్లు రాయి, కంచు తప్ప చెక్క మీద ఒక్క క్లాసు లేదు. పాత కళాఖండాలను కాపాడే ఈ కోర్సులో చేరేవాళ్లు ముందే ఒక వడ్రంగి దగ్గర నెల రోజులు కూర్చోండి. సొంత టార్చ్ కొనుక్కోండి. వెలుగు పక్క నుంచి పడితేనే లేచిన రంగు పెచ్చులు కనిపిస్తాయి.

రెండోసారి వెనక నుంచి మొదలుపెట్టాను. పురుగు బెజ్జాలన్నీ పాతవని ముందటి రిపోర్ట్‌లో ఉంది. కానీ ఎడమ పాదం దగ్గర రెండు బెజ్జాల అంచులు మిగతావాటికన్నా తెల్లగా ఉన్నాయి. వాటి కింద నల్ల కాగితం పరిచాను. ఐదో రోజుకి దాని మీద రవ్వలా సన్నటి లేత రంగు పొడి. పురుగు ఇంకా లోపల తింటోంది! అలాగే పంపి ఉంటే ప్రదర్శనలో పక్కనున్న చెక్క బొమ్మలకూ పట్టేది. అది కనిపెట్టింది నేనేనని గర్వంగా చెబుతాను. కాగితం చూసి మేడమ్ నా భుజం తట్టారు.

ప్రయాణం వాయిదా పడింది. మరియమ్మ ఇప్పుడు గాలి చొరబడని ప్లాస్టిక్ గుడారంలో ఉంది. లోపల నైట్రోజన్ నింపారు, ఊపిరాడక పురుగు చావడానికి కొన్ని వారాలు పడుతుంది. సంతకం పడిన రిపోర్ట్‌లో వీపు గురించి ఇప్పుడిలా ఉంది: "శిల్పే తొలిచినది. ఉలి గాట్లు స్పష్టంగా ఉన్నాయి. పగుళ్లు లేవు."