1/24 కారు బాడీకి అద్దంలాంటి మెరుపు: పెయింట్ మందంతో నా అనుభవం

అసలు కారులో 24వ వంతు ఉండే ప్లాస్టిక్ మోడల్ కారు కిట్ డబ్బా తెరవగానే నేను ముందు వేసుకునే లెక్క ఒకటుంది. అసలు కారులో తలుపుకీ ఫెండర్‌కీ (ముందు చక్రం పైన ఉండే రేకుకీ) మధ్య సందు 4 మిల్లీమీటర్లు అనుకుందాం. 24తో భాగిస్తే 0.17 మి.మీ. తేలుతుంది. ప్రైమర్ (రంగు కింద వేసే పూత), రంగు, క్లియర్ (పైన వేసే పారదర్శకమైన మెరుపు పూత) కలిపి బాడీ మీద 0.1 మి.మీ. పేరుకుందంటే, అసలు కారు మీద 2.4 మి.మీ. మందాన పూసినట్టు. సందుకు రెండు పక్కలా అంత పేరుకుంటే ఇక సందే ఉండదు, తలుపు గీత మీద రంగు నిండిపోయి బొమ్మ కారులా కనిపిస్తుంది. మెరుపు కావాలంటే పొరలు పడాలి, అసలు కారు కొలతల నిష్పత్తి (స్కేల్) నిలబడాలంటే పొరలు పలచగా ఉండాలి. ఈమధ్య పూర్తి చేసిన ముదురు నీలం మెటాలిక్ (లోహపు రేణువుల రంగు) కూపే కారులో ప్రతి దశా ఈ రెంటి మధ్య బేరమే. ఆ క్రమం రాస్తున్నాను.

రంగు సంగతికి ముందు బాడీని ఛాసిస్ మీద, లోపల డ్యాష్‌బోర్డు, సీట్ల తొట్టితో సహా, పొడిగా కూర్చోబెట్టి చూడాలి. ఎక్కడ బిగుతుగా ఉందో అక్కడ ఇప్పుడే గీకెయ్యాలి. రంగు పడ్డాక బాడీని వెడల్పు చేసి తొడగాల్సి వస్తే రాకర్ ప్యానెల్ (తలుపు కింది పట్టీ) దగ్గర క్లియర్ పగులుతుంది. అంతా సరిపోయాక గిన్నెలు తోమే సబ్బు నాలుగు చుక్కలు గోరువెచ్చని నీళ్లలో వేసి, మెత్తటి బ్రష్‌తో కడిగి ఆరబెడతాను. అచ్చు నుంచి సులువుగా ఊడిరావడానికి వాడే జిడ్డు మిగిలితే ప్రైమర్ అక్కడ పట్టదు, కళ్లు కళ్లుగా విడిపోతుంది.

బాడీ అచ్చు ఒక్క ముక్క కాదు. పక్కలది వేరు, పైకప్పుది వేరు. అవి కలిసిన చోట సన్నటి గీత మిగులుతుంది. ముందు ఫెండర్ నెత్తిన మొదలై, అద్దం పక్క స్తంభం మీదుగా పైకెక్కి, వెనక స్తంభం దిగి డిక్కీ అంచుదాకా పోతుంది. దీపం కింద కూడా సరిగ్గా కనపడదు. గోరు అడ్డంగా లాగితే మాత్రం తగులుతుంది. బ్లేడును నిలువుగా పట్టి, కోయకుండా గీకుతూ పోతాను. తర్వాత 600, ఆపైన 1000 నంబరు ఉప్పుకాగితం తడిపి రుద్దుతాను. ఫెండర్ వంపు మీద కాగితం కింద గట్టి చెక్క పెట్టకూడదు, వంపు చదునైపోతుంది. మెత్తటి స్పాంజి ముక్కకు చుట్టి రుద్దితే వంపు వంపులాగే ఉంటుంది. ప్లాస్టిక్ కుంగిన గుంటలుంటే లప్పం పెట్టాలి. థిన్నర్ ఆవిరై ఆరే లక్కర్ రకం లప్పం ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది కనుక చిన్న గుంటలకు నేను సూపర్ గ్లూ వాడతాను. అది గట్టిపడగానే రుద్దెయ్యాలి. మర్నాటికి వదిలేస్తే చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ కన్నా గట్టిపడుతుంది, అప్పుడు రుద్దితే గ్లూ మిగిలి ప్లాస్టిక్ అరుగుతుంది.

మందం బేరం మొదలయ్యేది తర్వాతి పనిలోనే: ప్యానెల్ గీతలు, అంటే తలుపు, బోనెట్ల సందులను చూపే గాళ్లు, లోతు చెయ్యడం. 0.15 మి.మీ. స్క్రైబర్ (గాడి గీసే పనిముట్టు) బ్లేడుతో ప్రతి గీతనూ ఐదారుసార్లు, బరువు వెయ్యకుండా, ఉన్న గాడిలోనే నడిపించాలి. ఒక్కసారే లోతుగా దించాలని నొక్కితే మలుపు దగ్గర బ్లేడు గాడి తప్పి తలుపు మీదికి పారుతుంది. తలుపు పిడి దగ్గరా, పెట్రోలు మూత చుట్టూ గట్టి టేపు ఆసరాగా అంటించుకుంటాను. వెడల్పు పెంచడం కాదు మన పని, లోతు పెంచడం. లోతుంటే పైన ఎన్ని పొరలు పడ్డా అడుగున నీడ మిగులుతుంది.

ప్రైమర్‌గా మిస్టర్ సర్ఫేసర్ 1500 అనే రకం ఒక వంతు, దాన్ని పలచన చేసే లెవలింగ్ థిన్నర్ వంతున్నర. 0.3 మి.మీ. రంధ్రమున్న ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే చిన్న పనిముట్టు), గాలి ఒత్తిడి 15 నుంచి 18 పీఎస్ఐ. స్ప్రే డబ్బా వాడేవాళ్లు డబ్బాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే తుంపర సన్నగా వస్తుంది. 40 డిగ్రీలు దాటనివ్వకూడదు, పొయ్యి దగ్గరికి అసలు తీసుకెళ్లకూడదు. దూరం 20-25 సెంటీమీటర్లు, నొక్కడం బాడీ బయట మొదలుపెట్టి బయటే ఆపాలి. ప్రైమర్ పడ్డాక ఇందాక కనపడని గీతలన్నీ బయటపడతాయి. వాటిని సరిచేసి ఆ ఒక్కచోటే మళ్లీ కొట్టాలి, బాడీ మొత్తానికి కాదు. బాడీ ఎరుపు ప్లాస్టిక్‌దైతే ఒక జాగ్రత్త ఉంది. థిన్నర్‌కు ఆ ప్లాస్టిక్‌లోని ఎరుపు కరిగి పైకొస్తుంది. మీద తెలుపు వేస్తే నాలుగు రోజుల్లో గులాబీ రంగుకు తిరుగుతుంది. మధ్యలో ఒక వెండిరంగు పొర వేస్తే అది చాలావరకు ఆగుతుంది.

రంగులో నాకు అంచులు ముందు. తడిరంగు పదునైన అంచు మీద నిలవదు, రెండు పక్కలకీ లాక్కుపోతుంది. అందుకే చక్రాల కమాన్లు, బోనెట్ అంచు, స్పాయిలర్ కొనల మీద ముందు సన్నటి తుంపర కొట్టి, ఆ తర్వాతే మొత్తం బాడీ. మొదటి పొర మంచు పడ్డట్టు ఉండాలి, కింది ప్రైమర్ కనిపిస్తున్నా సరే. పదిహేను నిమిషాల తర్వాత రెండోది, ఆ తర్వాత మూడోది కొంచెం తడిగా. మెటాలిక్‌లో ఆఖరి పొర దూరం నుంచి పలచగా కొట్టాలి, లేకపోతే లోహపు రేణువులు తడిలో ఈది ఒకచోట గుమిగూడి మబ్బు మచ్చలు తేలతాయి. మెటాలిక్ పొరను ఎట్టి పరిస్థితిలోనూ రుద్దకూడదు. రేణువుల పైభాగం తెగి ఆ మచ్చ క్లియర్ కింద కూడా కనిపిస్తుంది. దుమ్ము పడితే ఆరనిచ్చి, ఆ నలుసును మాత్రం పట్టకారుతో లేపేసి, పైన ఒక పలుచని పొర వేస్తాను.

గాలిలో తేమ ఎక్కువున్న రోజు లక్కర్ కొట్టకపోవడమే మేలు. థిన్నర్ ఆవిరవుతూ బాడీ పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ అక్కడ వాలుతుంది, రంగు పాలు విరిగినట్టు తెల్లబారుతుంది. ఆపలేని పరిస్థితిలో రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మదింపజేసే ద్రవం) కొంచెం కలపాలి. తెల్లబారాక కూడా, పొడి వాతావరణంలో ఒక్క థిన్నర్ తుంపర కొడితే చాలాసార్లు రంగు తిరిగొస్తుంది.

పక్కల మీది తెల్ల చారలు డెకల్స్, అంటే నీళ్లలో నానబెట్టి అంటించే పలుచని బొమ్మలు. ఒక పలుచని క్లియర్ వేసి, ఒకరోజు ఆగి అంటించాను. గరుకు మీద అంటిస్తే కింద గాలి చిక్కి వెండిపొరలా మెరుస్తుంది. డెకల్‌ను పట్టి ఉంచే మైక్రో సెట్ ద్రవం కింద, దాన్ని మెత్తబరిచే మైక్రో సోల్ ద్రవం పైన. సోల్ పడగానే డెకల్ ముడతలు పడుతుంది. ఆ అయిదారు నిమిషాలు చెయ్యి పెట్టకూడదు, దానంతటదే గీతల్లోకి దిగి సాఫీ అవుతుంది. తలుపు గీత మీదుగా పోయిన చోట ఆరాక కొత్త బ్లేడుతో కోసి, మళ్లీ ఒక చుక్క సోల్ పెట్టాలి. గాలి బుడగ మిగిలితే సూదిమొనతో గుచ్చి అదే చుక్క. రెండు రోజులు ఆరనిచ్చాకే క్లియర్.

క్లియర్‌కు జీఎక్స్100 అనే లక్కర్ ఒక వంతు, థిన్నర్ రెండు వంతులు. మొదటి రెండు పొరలు పొడిపొడిగా పడాలి. తడిగా కొడితే లక్కర్ డెకల్‌ను కరిగించి ముడత వేస్తుంది, ఆ ముడత ఇక పోదు. అవి ఆరాక మూడు తడి పొరలు, పొరకూ పొరకూ అరగంట. రెండు భాగాలు కలిపే యురేథేన్ క్లియర్ ఇంతకన్నా మెరుస్తుందన్నది నిజమే, కానీ దాన్ని గట్టిపరిచే హార్డెనర్‌లో ఐసోసయనేట్లనే, ఊపిరితిత్తులకు హాని చేసే రసాయనాలు ఉంటాయి. దుమ్ము మాస్కు వాటిని ఆపదు. సరైన రక్షణ లేని గదిలో దాన్ని వాడొద్దని గట్టిగా చెబుతాను. లక్కర్‌కు కూడా రసాయన ఆవిర్లను ఆపే కార్ట్‌రిడ్జ్ మాస్కు, గాలి బయటికి లాగే ఫ్యాను ఉండాల్సిందే.

ఇక ఆగడం. ముట్టుకుంటే పది నిమిషాల్లో ఆరినట్టే ఉంటుంది, లోపల థిన్నర్ రోజుల తరబడి ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన వస్తున్నంతకాలం ఆరలేదని లెక్క. నేను పది రోజులు ఆగుతాను. తొందరపడి పాలిష్ చేస్తే ఆ రోజు అద్దంలా ఉంటుంది. తర్వాత క్లియర్ కుంచించుకుని, డెకల్ అంచులు మెట్టులా తేలతాయి, రుద్దిన గీతలు మళ్లీ కనిపిస్తాయి.

పాలిష్‌కు ముందు బోనెట్ మధ్య మడతకూ, ఫెండర్ అంచులకూ 2 మి.మీ. టేపు ముక్కలు అంటిస్తాను. క్లియర్ అన్నిటికన్నా పలచగా ఉండేది అక్కడే, నాలుగు రుద్దులకే రంగు తేలుతుంది. చదునైన చోట 2000 నంబరు తడి కాగితంతో నారింజ తొక్కలాంటి గుంటలు పోయేదాకా రుద్దాలి. నీళ్లు తుడిచి దీపం కిందికి వంచి చూస్తే, మాట్‌గా మారిన భాగంలో ఇంకా మెరుస్తున్న చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలే మిగిలిన గుంటలు. తుడిచిన నీళ్లలో నీలం కనిపించిందంటే చెయ్యి ఆపెయ్యాలి, క్లియర్ అయిపోయింది. ఆ తర్వాత 3000, 6000, ఆపైన టమియా కాంపౌండ్ కోర్స్, ఫైన్, ఫినిష్ వరసగా, ఒక్కోదానికి వేరే గుడ్డ. టేపు తీసేసిన అంచులకు ఫినిష్ ఒక్కటే, అదీ వేలికొసతో. గీతల్లో ఇరుక్కున్న తెల్ల కాంపౌండ్‌ను సబ్బునీళ్లు, మెత్తటి టూత్‌బ్రష్ తీసేస్తాయి.

గీతల్లోకి ఎనామెల్ వాష్ (బాగా పలచన చేసిన ఎనామెల్ రంగు) దింపుతాను. నీలానికి నలుపు సరిపోయింది, తెల్ల కారుకైతే బూడిదరంగే. ఎనామెల్ థిన్నర్ ఆరిన లక్కర్‌ను ఏమీ చెయ్యదు కానీ, బిగుసుకున్న ఉత్త ప్లాస్టిక్‌లోకి దిగితే పగలగొడుతుంది. సస్పెన్షన్ పిన్నుల దగ్గర దీన్ని ధారాళంగా పొయ్యకూడదు.

అద్దాలకు సూపర్ గ్లూ వద్దు, దాని ఆవిరికి అద్దం తెల్లగా మసకబారుతుంది. తెల్ల జిగురు చాలు. అద్దం అంచు నలుపు లోపలివైపు నుంచి వెయ్యాలి. కిటికీ చుట్టూ ఉండే క్రోమ్ పట్టీకి బేర్ మెటల్ ఫాయిల్ (వెనక జిగురున్న పలుచని లోహపు రేకు) అంటించి, టూత్‌పిక్‌తో నొక్కి, ప్రతి రెండు కిటికీలకూ బ్లేడు మార్చి కోస్తాను. మొద్దు బ్లేడు ఫాయిల్‌ను చింపుతుంది, నొక్కి కోస్తే కింది క్లియర్ కూడా తెగుతుంది. టైర్ల తొక్కుడు భాగాన్ని 400 నంబరుతో రుద్దితే మధ్యనున్న అచ్చుగీత పోయి, కొత్త రబ్బరు మెరుపు తగ్గుతుంది. చివర్న బాడీ తొడిగేటప్పుడు రాకర్ లోపలి అంచులకు మాస్కింగ్ టేపు చుట్టి, ముందు బంపర్ ఎక్కించి, వెనక భాగాన్ని దించి, ఆ తర్వాత టేపును కిందనుంచి లాగెయ్యాలి.