ఎన్నో రోజని ఎవరూ అడగలేదు

పిల్లలు కావట్లేదని తిరుగుతుంటే, పెళ్లయి నాలుగో ఏడు వచ్చేసరికి నా ఫైల్లో మూడు స్కాన్ రిపోర్టులు చేరాయి. రెండింట్లో ‘నార్మల్’, ఒకదాంట్లో అండాశయంలో ‘నీటి బుడగలు’. మూడూ హనుమకొండలో తీయించుకున్నవే. పరకాలలో ప్రైవేటు బడిలో టీచర్‌ని కాబట్టి సెలవు దొరికిన రోజే బస్సెక్కాలి. నెలసరి వచ్చి ఎన్నో రోజో నేనూ లెక్కపెట్టుకోలేదు, స్కాన్ తీసినవాళ్లూ అడగలేదు.

ఈలోగా నెల మధ్యలో రెండు మూడు రోజులు ఎర్రగా చుక్కలు కనిపించేవి. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగేదాన్ని. అత్తమ్మేమో మేడారంలో నా నిలువెత్తు బంగారం, అంటే నా బరువంత బెల్లం, మొక్కింది. వద్దనలేదు. నాకూ లోలోపల ఆశగానే ఉండింది.

నాలుగోసారి వెళ్లింది వేరే డాక్టరమ్మ దగ్గరికి. ఫైలు తెరవకముందే “ఇవ్వాళ ఎన్నో రోజు?” అంది. ఇరవయ్యో ఇరవై ఒకటో అన్నాను.

“అయితే ఇప్పుడొద్దు. మళ్ల నెలసరి వచ్చి బ్లీడింగ్ ఆగినంక, వచ్చిన రోజు నుంచి లెక్కేసి పదో రోజు లోపల రా.”

వెంటనే మా ఆయన వైపు తిరిగి “మీ రిపోర్టేది?” అని అడిగింది. ఆయన నా వైపు చూశాడు. నాకు మూడు స్కాన్లయినా ఆయనకు ఒక్క వీర్య పరీక్ష రాసినవాళ్లు లేరు. తర్వాత చేయిస్తే బాగానే వచ్చింది లెండి. కానీ సూది గుచ్చే పని కూడా లేని ఆ పరీక్షకు నాలుగేళ్లు పట్టిందన్న కోపం నాకింకా పోలేదు.

ఎనిమిదో రోజున వెళ్లాను. పొట్ట మీద స్కాన్‌కైతే నీళ్లు తాగి బిగబట్టుకుని కూర్చోవాలి. ఈ లోపలి స్కాన్‌కు బాత్రూమ్‌కు వెళ్లి రమ్మన్నారు. నొప్పి లేదు, సిగ్గే ఎక్కువ. డాక్టరమ్మ తెర నా వైపు తిప్పింది. నెలసరి అయిపోయిన కొత్తలో గర్భసంచి లోపలి పొర సన్నగా ఉంటుందట. అందులో ఒకచోట తెల్లగా కందిగింజంత ఉబ్బు కనిపించింది. పాలిప్, అంటే పొర మీద పెరిగిన చిన్న కండ, అంది. ఇరవయ్యో రోజుకు పొర కూడా మందంగా, తెల్లగా అవుతుంది కాబట్టి పాలిప్ అందులో కలిసిపోవచ్చు. మరి నీటి బుడగలు? “అవి గుడ్లు ఎదిగే చిన్న సంచులు, ఫాలికల్స్. అందరికీ ఉంటయి. నీకు నెలనెలా టైముకే వస్తుంది, వేరే లక్షణాలేం లేవు. నీది పీసీఓడీ, అదే నీటి బుడగల జబ్బు, కాదు” అంది. ఆ బుడగల భయానికి ఏడాది పాటు చాయ్‌లో చక్కెర మానేశాను!

రూఢి చేసుకోవడానికి మర్నాడు సన్నని గొట్టంతో గర్భసంచిలోకి కాస్త సెలైన్ పంపి మళ్లీ స్కాన్ చేశారు. నెలసరి నొప్పిలా పొత్తికడుపు పట్టేసింది. నీళ్లు చేరి లోపల తెరుచుకోగానే గింజ విడిగా స్పష్టంగా కనిపించింది. కాసేపటికి గర్భసంచి వెనక నీళ్లు చేరాయి. అంటే గుడ్డును గర్భసంచికి చేర్చే ట్యూబుల్లో కనీసం ఒకటైనా తెరుచుకుని ఉన్నట్టే. నీరు చేరి ఉబ్బితే తప్ప మామూలు స్కాన్‌లో ట్యూబులు కనపడవని అప్పుడే తెలిసింది. ఇన్నాళ్లూ నేను నమ్ముకున్న ‘నార్మల్’లో ట్యూబుల లెక్కే లేదు.

మత్తిచ్చి, లోపలికి కెమెరా పంపి పాలిప్ తీసేశారు. సాయంత్రానికి ఇంటికి వచ్చేశాను. ముక్కను బయాప్సీకి పంపారు. ఆ రిపోర్టు వచ్చేదాకా నిద్ర లేదు. క్యాన్సర్ కాదని వచ్చింది. మరుసటి నెల నుంచి మధ్యలో చుక్కలు ఆగిపోయాయి.

ఇప్పుడు గుడ్డు ఎదుగుదల చూసే స్కాన్లు నడుస్తున్నాయి, రోజు విడిచి రోజు. బయట బెంచీ మీద ఆడవాళ్లం ఎవరి గుడ్డు ఎన్ని మిల్లీమీటర్లుందో మార్కుల్లా చెప్పుకుంటాం: “నీదెంత?” “పదహారు. నీది?” ఎదురుగా గోడ మీద లింగ నిర్ధారణ చేయబడదన్న బోర్డు. ముందు లోపల ఏదో ఒకటి పడాలి కదా అని నవ్వుకుంటాం. రెండు నెలలు గుడ్డు పగిలింది గానీ నిలవలేదు. ఈ నెల తొమ్మిదో రోజు 11 మిల్లీమీటర్లు, పదకొండో రోజు 15. నిన్న పదమూడో రోజు చూసి, గుడ్డు పగలడానికి ఇంజెక్షన్ ఇచ్చారు.

ఇన్నేళ్లూ “ఈ నెల గూడ వచ్చిందా?” అని అడిగిన అత్తమ్మ, నిన్న నేను గడప తొక్కగానే చాటలో బియ్యం పక్కన పెట్టి “ఎంతున్నది బిడ్డా?” అంది.

“పందొమ్మిదత్తమ్మా.”