కలంకారీ లాగ్: నల్లగీతలు అయ్యాయి, ఎరుపు మొదలైంది

మీటరు గాడా (ముతక నూలు) గుడ్డ, మధ్యలో చెట్టు, కింద రెండు నెమళ్లు, చుట్టూ తీగ బోర్డరు. నల్లగీతలన్నీ అయిపోయాయి, ఎరుపు ఒకసారి ఉడికించా, పసుపు నీలం ఇంకా ముట్టుకోలేదు. హాల్లో గోడకి పెడదామని మొదలెట్టా గానీ ఇప్పుడు ఆ గోడ సంగతే గుర్తు రావట్లేదు, పొద్దున లేవగానే బాల్కనీలోకి వెళ్లి కుండ మూత తీసి చూడాలనిపిస్తుంది, అంతే.

కుండ అంటే నల్లరంగు కుండ, కసిమి అంటారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, కాస్త తాటిబెల్లం, నీళ్లు. నేను లీటరు నీళ్లకి 100 గ్రాముల బెల్లం వేశా. మట్టికుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి మూత పెట్టి, రోజూ ఓసారి కర్రతో తిప్పాలి. మొదట్లో బాగా నురగ వస్తుంది, పుల్లటి వాసన, తర్వాత మెల్లగా సద్దుమణుగుతుంది. రెండు మూడు వారాలు పడుతుంది, చలికాలం అయితే ఇంకాస్త ఎక్కువ. రెడీ అయిందో లేదో తెలియాలంటే కరక్కాయ పట్టించిన గుడ్డముక్క మీద ఓ చుక్క వేసి చూడాలి. కుండలో టీ డికాషన్‌లా కనిపించే నీళ్లే, గుడ్డకి తగలగానే బూడిదరంగు అయి, మనం చూస్తుండగానే నల్లగా దిగిపోతాయి. కరక్కాయలో ఉండే వగరు, ఇనుము కలిస్తే వచ్చే నలుపు అది, పైన పూసిన రంగు కాదు, గుడ్డలోనే పుట్టిన రంగు. ఎన్నిసార్లు చూసినా నాకు ఇంకోసారి చూడాలనే ఉంటుంది, అందుకే టెస్ట్ ముక్కలు ఓ డబ్బా నిండా పోగయ్యాయి. ఒక్క జాగ్రత్త, ఇనుము మరీ ఘాటుగా ఉంటే కొన్నేళ్లకి గీత ఉన్నచోటే గుడ్డ చివికిపోతుంది, ఘాటు అనిపిస్తే నీళ్లు కలిపి పలచన చేసుకోండి.

గుడ్డ తయారీ: గంజి పోయేదాకా నానబెట్టి ఉతికి, అర లీటరు చిక్కటి పచ్చి గేదెపాలలో 50 గ్రాముల కరక్కాయ పొడి కలిపి, గుడ్డ అంతా సమంగా తడిసేలా పిసికి, పిండి, ఎండలో ఆరేయాలి. పాలలో కొవ్వు వల్లే రంగు పక్కకి పాకకుండా గీసినచోటే నిలబడుతుంది. వెన్న తీసిన పాలు దీనికి పనికిరావు.

కలం నేనే చేసుకున్నా. జానెడు వెదురుపుల్ల, మొన చెక్కి, కాస్త పైన ఉన్ని గుడ్డ చుట్టి దారంతో గట్టిగా బిగించడమే. రంగులో ముంచితే ఆ గుడ్డ పీల్చుకుంటుంది, వేలితో ఎంత నొక్కితే అంత దిగుతుంది. నెమలి మెడ ఒక్క గీతలో రావాలంటే ఆ నొక్కుడు మొదటి నుంచి చివరిదాకా మారకూడదు, ఆ కాసేపు ఇంకేదీ తలలోకి రాదు.

పెడనలో కలంకారీని చెక్క అచ్చులతో అద్దుతారు, ఆ అచ్చులు తెచ్చుకుంటే ఇంత టైం పట్టదు కదా అని పిన్ని అడిగింది. నిజమే, పెడన అచ్చు పని నాకూ చాలా ఇష్టం. కానీ నాకు కావాల్సింది గీయడం, శ్రీకాళహస్తి పద్ధతిలో అంతా కలంతోనే. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది ఈ పాలు, బెల్లం, వెదురుపుల్లతో చేసిన పనికే.

ఇక ఎరుపు. ఎర్రగా రావాల్సిన చోటల్లా పటిక నీళ్లు పూస్తాం, అది ఆరాక దాదాపు కనిపించదు, అంటే కనిపించని బొమ్మ వేస్తున్నట్టే. ఓ రోజు ఆరనిచ్చి, బాగా జాడించి, మంజిష్ఠ వేరు వేసిన నీళ్లలో ఉడికించాలి, తెర్లనివ్వొద్దు, ఆవిరి వచ్చే వేడి చాలు, ఎక్కువైతే గోధుమరంగు వచ్చేస్తుంది. గిన్నె స్టీల్‌దే వాడండి. బోరునీళ్లలో ఇనుము ఉంటే కూడా ఎరుపు మట్టిరంగులోకి పోతుంది, నేను వాననీళ్లు పట్టి వాడా. మెల్లగా కలుపుతుంటే ముందు తీగ పూలు, తర్వాత నెమలి తురాయి ఎర్రగా పైకి తేలాయి, అమ్మ కూడా పొయ్యి దగ్గరే నిలబడిపోయింది.

శ్రీకాళహస్తిలో అయితే స్వర్ణముఖి పారే నీళ్లలో జాడించేవాళ్లు, ఇక్కడ ఫ్లాట్‌లో టబ్బులు మార్చుకుంటూ నీళ్లు తేటగా వచ్చేదాకా చేశా. బ్యాక్‌గ్రౌండ్ ఇంకా గులాబీగా ఉంది. పేడనీళ్లలో ఓ రాత్రి నానబెట్టి, ఉతికి, డాబా మీద ఎండలో పరిచి నీళ్లు చల్లుతూ ఉంటే ఆ గులాబీ విరిగిపోతుంది, అది ఈ వారం పని.

ఆ తర్వాత మళ్లీ పాలు పట్టించి పసుపు వేయాలి. దానిమ్మ తొక్కలు ఎండబెడుతున్నా, జ్యూస్ బండాయన రోజూ ఓ కవర్ పక్కన పెట్టి ఇస్తున్నాడు. నీలిమందు ఇంట్లో చిన్న కుండలో పులియబెట్టినవాళ్లు ఎవరైనా ఉంటే సున్నం ఎంత వేశారో చెప్పండి ప్లీజ్.